తడి ఉన్నంతసేపే

నేతశాల వాకిట్లో కూర్చుని
అరచేతిలో మట్టి ఒత్తుకుంటున్నాను.
నా పేరు అబ్బకల్ల. గిర్సు ధాన్యపు కొట్లో చిన్న లేఖకుణ్ణి.
పెద్ద లేఖకుడు ఉర్-బాగరకి
నా తప్పులు గుర్తుంటాయి, పేరు గుర్తుండదు.

మట్టిలో ఇసుక తగలకూడదు, గవ్వముక్క దొరకకూడదు.
చెవి తమ్మెంత మెత్తగా ఉండాలి.
అప్పుడు రెల్లుపుల్ల మూల ఆనిస్తే చాలు,
పిట్ట కాలు మోపి ఎగిరిపోయినట్టు
ఒక గుర్తు.
అది వంకరపోయినందుకు బడిలో తిన్న దెబ్బల్ని
నా వీపు ఇప్పటికీ లెక్కపెడుతుంది,
అరవైల చొప్పున.

లోపల పదిహేడు మగ్గాలు ఆడుతున్నాయి.
పద్దెనిమిదోది ఊరికే ఉంది,
సగం నేసిన ఉన్ని దాని మీద
వానలో మరిచిపోయిన గొర్రెలా.

ఒక్కొక్కరికి ముప్పై సిలాల యవలు.
పేరు, కొలత. పేరు, కొలత.
నిన్-ఎజెమ్ దగ్గర పుల్ల ఆగింది.
ఆరు రోజుల జ్వరం, ఏడో రోజు లేదు.
అలాంటి పేరు పక్కన పెట్టడానికి ఒక గుర్తుంది మాకు.
పెట్టడం తేలిక. బడిలో దానికి నన్నెవరూ కొట్టలేదు.

వాళ్ళమ్మ ఉమ్మీ-తాబత్ వచ్చి
నా నీడలో కూర్చుంది, అడక్కుండానే.
ఆమెది అక్కడు మాట, నేను రాసేది సుమేరు.
చావుకి మా ఇద్దరి దగ్గరా రెండు మాటలున్నాయి,
ఆమె ఒక్కటీ వాడలేదు.
"ఇంట్లోనే ఉంది, అయ్యా.
నేల కింద పడుకోబెట్టాం.
రోజూ నీళ్ళు పోస్తున్నాం, తాగుతోంది."

వెంట మనవరాలు. మగ్గం కర్రకి ఇంకా జానెడు తక్కువ.
తల్లి వరస మూసేస్తే
పిల్ల పది సిలాలూ దాంతోనే మూతపడతాయి.
ఆ పిల్లకి ఇదేం పట్టలేదు.
నేను గిల్లి పారేసిన మట్టి ఏరి
గొర్రెని చేస్తోంది.

గుర్తులో మొదటి మేకు అప్పటికే నొక్కేశాను.
మట్టి దయగలదేం కాదు.
తడి ఉన్నంతసేపే వింటుంది,
ఎండ అంచుల నుంచి లోపలికి వస్తోంది.
ముసలమ్మ నా చేతిని చూస్తోంది,
చేప నీటిని చూసినట్టు.

బొటనవేలితో
రుద్దేశాను.

అబద్ధమంటే అంతే, ఒక నున్నటి చోటు.
పై నెల ఈ పలకని నీళ్ళ తొట్టిలో వేస్తారు,
నిన్-ఎజెమూ నేనూ కలిసి బురదైపోతాం,
ఆ బురద మీద ఎవరి మేకల లెక్కో రాసుకుంటారు.
ఆ ధైర్యమే నాది.

ఆ నెల తిరక్కముందే కొట్టు అంటుకుంది.
నూనె దీపమన్నారు, కాపలావాడి నిద్రన్నారు.
తాటి దూలాలు, చాపలు, తలుపులు, యవలు,
ఊరంతా మాడిన రొట్టె వాసన.

పొద్దున బూడిదలో ఉర్-బాగర
నా పలకని గోటితో కొట్టి చూశాడు.
ఖంగుమంది కుండలా.
ఇంక ఏ తొట్టీ దాన్ని కరిగించలేదు.
పేర్ల మీదుగా అతని వేలు నడిచింది,
నున్నటి చోట ఆగింది.
నా బొటనవేలి గీతలు
సన్నగా, చుట్లు చుట్లుగా, ఒక్కటీ చెరగకుండా.

అతను నా చేతుల వంక చూశాడు.
చాలాసేపు చూశాడు.
"అబ్బకల్లా," అన్నాడు.
పేరు గుర్తుంది.

కాలి కింద ఏదో తగిలితే వంగి తీశాను.
వేలెడంత గొర్రె.
మూడు కాళ్ళే, ఎర్రగా కాలి గట్టిపడింది.
నాలుగోది ఆ పిల్ల పెట్టలేదో
నా కాలి కిందే విరిగిందో
ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.